ప్యానెల్ సంగతి తర్వాత, ముందు మీ మెయిల్ ఎక్కడుందో చెప్పండి

వెబ్‌సైటు, మెయిల్ ఉండే సర్వర్‌ని బ్రౌజర్లోంచి నడిపించుకునే పేజీలనే హోస్టింగ్ ప్యానెల్ అంటారు. అందులో డబ్బులు పెట్టి కొనే సీప్యానెల్ తీసుకోమంటారా, లేకపోతే ఫ్రీగా దొరికేది ఏదో ఒకటి వేసేసుకోమంటారా అని అడిగినవాళ్లందరినీ నేను తిరిగి అడిగేది ఒక్కటే, మీ మెయిల్ ఎక్కడుంది అని. చాలామంది తెల్లబోతారు. మెయిల్ ఎక్కడుండటమేంటండీ, ఫోన్లో ఉంది కదా అంటారు. కానీ హోస్టింగ్ ప్యానెళ్లతో పడే తిప్పల్లో ఎక్కువ భాగం ఆ జవాబు దగ్గరే మొదలవుతాయని నాకు ఆలస్యంగా తెలిసింది, అది కూడా ఒకాయన సీజన్ నేను పాడుచేశాక.

నేను వైజాగ్‌లో చిన్న చిన్న వ్యాపారాలకి సైట్లు చేసిపెట్టి, ఆ తర్వాత వాటిని కనిపెట్టుకుని ఉంటాను. నేను సీజన్ పాడుచేసినాయనది అరకు టూర్ల వ్యాపారం, ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర ఇరుకు ఆఫీసు, ఒక టేబులు, రెండు ఫోన్లు. సర్వర్లో ఉన్న మెయిల్ అవతలివాళ్లకి స్పామ్‌లోకి పోతోందని గొడవ పెడితే, డొమైన్ మెయిల్‌ని వేరే మెయిల్ సర్వీసుకి మార్చాను. డీఎన్ఎస్‌లో (డొమైన్ ఏ సర్వర్‌కి పోవాలో రాసి ఉండే చోటు) ఎంఎక్స్ రికార్డులు, అంటే ఆ డొమైన్ మెయిల్ ఎక్కడికి చేరాలో చెప్పేవి, మార్చాను, నా జీమెయిల్ నుంచి ఒకటి పంపి చూశాను, చేరింది, పనైపోయిందనుకున్నాను. అది నవంబర్. డిసెంబర్ ఆఖర్లో ఫోన్ చేసి, "ఏటండీ, ఈ సంవత్సరం సైట్లోంచి ఒక్క ఎంక్వైరీ రాలేదు, జనం అరకు ఎళ్లడం మానేశారేటి?" అన్నాడు. జనం మానలేదు, ఫారం నింపుతూనే ఉన్నారు. ఆ ఫారం నుంచి పుట్టిన మెయిల్‌ని సర్వర్ బయటికి పంపితేగా! ప్యానెల్ లెక్కలో ఆ డొమైన్ మెయిల్ ఇంకా తన దగ్గరే ఉంది కాబట్టి ఎంఎక్స్ రికార్డు వంక చూడకుండా పాత మెయిల్‌బాక్సులోనే పడేసుకుంటూ పోయింది. తెరిచి చూస్తే నెలన్నర ఎంక్వైరీలు అక్కడే గుట్టగా ఉన్నాయి. తప్పు ప్యానెల్‌ది కాదు, నాదే. బయట నుంచి పంపి చూశాను గానీ సైట్లోంచి పంపి చూడలేదు.

మీకూ ఇదే జరుగుతోందేమో ఇప్పుడే చూసుకోండి. ఒక్కో ప్యానెల్లో ఒక్కోలా ఉంటుంది. సీప్యానెల్లో ఈమెయిల్ రూటింగ్ అని ఒక పేజీ ఉంటుంది, మెయిల్ బయట ఉన్నప్పుడు అక్కడ లోకల్ తీసేసి రిమోట్ అని పెట్టాలి. డైరెక్ట్‌అడ్మిన్‌లో ఎంఎక్స్ రికార్డుల పేజీలో, ఈ డొమైన్ మెయిల్ ఈ సర్వరే చూసుకోవాలి అనే అర్థం వచ్చే టిక్కు ఉంటుంది, దాన్ని తీసేయాలి. ప్లెస్క్‌లో ఆ డొమైన్‌కి మెయిల్ సర్వీసు ఆపాలి, హెస్టియాలో ఆ మెయిల్ డొమైన్‌నే తొలగించాలి. తొలగించే ముందు లోపల ఏమైనా మెయిల్ ఉందేమో దింపుకోండి, నాలాగా తర్వాత వెతుక్కోకుండా.

ఇక ఎంపిక. మెయిల్ కూడా మీ సర్వర్లోనే ఉండాలా, వద్దా? దీన్నిబట్టి దారి రెండుగా చీలుతుంది.

ఉండాలి అంటే ఏం నెత్తికెత్తుకుంటున్నారో తెలుసుకోండి. అమెజాన్, గూగుల్ క్లౌడ్, డిజిటల్ ఓషన్ లాంటి చోట్ల సర్వర్ తీసుకుంటే 25వ పోర్టు (సర్వర్లు ఒకదానికొకటి మెయిల్ పంపుకునే దారి) నుంచి బయటికి మెయిల్ పోకుండా మొదట్నుంచే కట్టేసి ఉంటుంది. ప్యానెల్లో అన్నీ పచ్చగా కనిపిస్తాయి, మెయిల్ మాత్రం క్యూలో మూలుగుతూ ఉంటుంది, మీరు రెండు రోజులు ప్యానెల్‌ని తిడతారు. పోర్టు తెరిచి ఉన్న చోట తీసుకున్నా ఆ సర్వర్ ఐపీకి (దాని నంబరు అడ్రసుకి) రివర్స్ డీఎన్ఎస్, అంటే ఆ ఐపీ ఎవరిదో పేరు చెప్పే రికార్డు, పెట్టించాలి, అది ప్యానెల్లో కాదు, సర్వర్ అమ్మినవాళ్ల దగ్గర పెట్టాలి. మెయిల్ నిజంగా మీ డొమైన్ నుంచే వచ్చిందా అని అవతలివాళ్లు సరిచూసుకునే ఎస్పీఎఫ్, డీకిమ్, డీమార్క్ రికార్డులు మూడూ సరిగ్గా ఉండాలి. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ వీటి విషయంలో గట్టిగా ఉంటోంది, రోజుకి 5,000కి పైగా పంపేవాళ్లకి మూడూ తప్పనిసరి, తక్కువ పంపేవాళ్లకి కూడా ఎస్పీఎఫ్, డీకిమ్‌లలో కనీసం ఒకటి ఉండి తీరాలి. పైగా వైరస్ స్కానర్ ఒక్కటే ఒక జీబీ ర్యామ్ తినేస్తుంది. ఒక జీబీ ర్యామ్ ఉన్న వీపీఎస్ (పెద్ద సర్వర్లో మీకొక్కరికే విడదీసి ఇచ్చే భాగం) కొని దాని మీద మెయిల్, స్కానర్, వర్డ్‌ప్రెస్ అన్నీ ఎక్కిస్తే, ర్యామ్ చాలక లినక్సే ఏదో ఒకదాన్ని చంపేస్తుంది, ఆ ఏదో ఒకటి సాధారణంగా సైటు డేటాబేస్ నడిపే మైఎస్‌క్యూఎల్ అవుతుంది, సైటు ఆగిపోతుంది. ఏ ప్యానెల్ వేసినా ఇంతే.

అందుకే 10 మెయిల్ ఐడీలు, ఒక వర్డ్‌ప్రెస్ సైటు, రోజుకి నలభై యాభై మంది చూసేవాళ్లు, ఇంతే అయితే వీపీఎస్ జోలికే పోవద్దు. ఒకే సర్వర్‌ని చాలామంది పంచుకునే షేర్డ్ హోస్టింగ్ తీసుకోండి. అందులో ఏ ప్యానెల్ ఇస్తున్నారో మాత్రం అడగండి. సీప్యానెల్ అయితే పూర్తి బ్యాకప్ ఒక ఫైలుగా దింపుకుని రేపు ఇంకో కంపెనీ సీప్యానెల్లో ఎక్కించమని ఇవ్వొచ్చు, డైరెక్ట్‌అడ్మిన్ కూడా ఆ ఫైలుని తీసుకుంటుంది. సొంతంగా తయారు చేసుకున్న ప్యానెల్ ఇచ్చే కంపెనీల్లో పేజీలు అందంగా, తేలిగ్గా ఉంటాయి, ఒప్పుకుంటాను, కానీ అక్కడి నుంచి బయటికి రావాలంటే ఫైళ్లు వేరు, డేటాబేస్ వేరు, మెయిల్ వేరు, మూటలు మూటలుగా మోసుకోవాలి. రెండోది, మొదటి సంవత్సరం ధర కాదు, రెన్యువల్ ధర చూడండి, దాని మీద 18 శాతం జీఎస్టీ కూడా కలుపుకోండి. మూడోది ఐనోడ్ల పరిమితి, అంటే ఎన్ని ఫైళ్లు ఉండొచ్చు అని. డిస్కు అన్‌లిమిటెడ్ అని పెద్ద అక్షరాల్లో రాసినవాళ్లు ఇది చిన్న అక్షరాల్లో రాస్తారు. సైటు మీద 508 ఎర్రర్ వస్తే మీ వంతు సీపీయూ, మెమరీ వగైరా అయిపోయాయని, రిఫ్రెష్ కొట్టేకొద్దీ భారం ఇంకా పెరుగుతుంది గానీ తగ్గదు.

వీపీఎస్ అవసరమే, మెయిల్ కూడా అందులోనే, కస్టమర్లు వాళ్లంతట వాళ్లు లాగినై ఐడీలు చేసుకోవాలి అంటే అప్పుడు డబ్బులు పెట్టే ప్యానెళ్ల సంగతి. సీప్యానెల్ అందరికీ అలవాటైన ఇల్లు, ఏ సమస్య వచ్చినా వెతికితే జవాబు దొరుకుతుంది, అది చిన్న లాభం కాదు. బాధల్లా ధర. 2019 సెప్టెంబర్ 1 నుంచి సర్వర్‌కి ఇంత అనే లెక్క పోయి, ఎన్ని ఖాతాలుంటే అంత అనే లెక్క వచ్చింది. 1, 5, 30, 100 ఖాతాల మెట్లు, ఆ పైన ప్రతి ఖాతాకీ అదనం, ఆ తర్వాత ఏటా రేటు పెంచుకుంటూ వచ్చారు. ఇక్కడో తిరకాసు ఉంది, సస్పెండ్ చేసి పక్కన పెట్టిన ఖాతా కూడా లెక్కలోకి వస్తుంది. ఎప్పుడో మూతపడ్డ బొటిక్ సైటు, డొమైన్ కూడా పోయింది, ఖాతా మాత్రం అలాగే ఉంది, అది మిమ్మల్ని పై మెట్టు ఎక్కిస్తుంది. ఏడాదికోసారైనా ఇల్లు సర్దినట్టు సర్దండి.

డైరెక్ట్‌అడ్మిన్ నాకు ఇష్టం. చూడటానికి అంత సొగసుగా ఉండదు గానీ తేలిక, తక్కువ ర్యామ్‌లో నడుస్తుంది, పెద్ద లైసెన్సులో ఖాతాలకి పరిమితి లేదు. పది పదిహేను మంది చిన్న కస్టమర్లని ఒకే సర్వర్లో పెట్టుకుని మెయిల్ కూడా ఇచ్చేవాళ్లకి ఇదే చెప్తాను. ప్లెస్క్ విండోస్ సర్వర్ మీద కూడా నడుస్తుంది, సీప్యానెల్ నడవదు. గాజువాకలో స్పేర్ పార్టులు అమ్మే ఒకాయన దగ్గర ఎప్పుడో డాట్‌నెట్‌లో రాయించుకున్న స్టాక్ సాఫ్ట్‌వేర్ ఉంది, అది విండోస్ మీదే నడుస్తుంది, దాన్ని మార్చనంటాడు, అలాంటివాళ్లకి ప్లెస్క్ తప్ప వేరే దారి పెద్దగా లేదు. సీప్యానెల్, ప్లెస్క్ రెండూ ఇప్పుడు ఒకే గూటివే కాబట్టి ధరల విషయంలో ఒకదాని మీద కోపంతో రెండోదాని దగ్గరికి పోవడం పెద్ద తేడా చేయదు.

ఫ్రీ వాటి దగ్గరికి వద్దాం, అసలు అందరూ అడిగేది వీటి గురించే.

మెయిల్ కావాలి, డబ్బులు పెట్టలేం అంటే హెస్టియా. డెబియన్ లేదా ఉబుంటు (రెండూ లినక్స్ రకాలే) మీద, అప్పుడే వేసిన కొత్త సర్వర్లో మాత్రమే ఎక్కించాలి, ఇప్పటికే ఏదో నడుస్తున్న దాని మీద కాదు. ఇది వెస్టా అనే పాత ప్యానెల్ నుంచి విడిపోయి పుట్టింది. 2018లో వెస్టా వేసుకున్న సర్వర్లు హ్యాకర్ల చేతుల్లోకి పోయిన సంగతి గుర్తున్నవాళ్లు పేరు వినగానే మొహం చిట్లిస్తారు, కానీ హెస్టియా వేరేవాళ్లు శ్రద్ధగా చూసుకుంటున్నది. మెయిల్ వద్దు అంటే నా ఓటు క్లౌడ్‌ప్యానెల్‌కి. అందులో మెయిల్ సర్వరే లేదు, అది లోపం అనుకుంటారు, నాకైతే అదే సుఖం. ఉన్నది సైటు పేజీలు అందించే ఎంజిన్‌ఎక్స్, పీహెచ్‌పీ, డేటాబేస్, నోడ్, పైథాన్, అంతే. అయితే ఎంజిన్‌ఎక్స్‌కి హెచ్‌టీ‌యాక్సెస్ ఫైలు, అంటే ఏ లింకు ఏ పేజీకి పోవాలో రూల్సు ఉండేది, చదవడం రాదు. పాత హోస్టింగ్ నుంచి సైటు తెచ్చిపెట్టి, హోమ్ పేజీ తెరుచుకుంది గానీ పాత లింకులు 404 అంటున్నాయంటే కారణం అదే, ఆ రూల్సన్నీ విహోస్ట్ ఎడిటర్లో, అంటే ప్యానెల్లో సైటు సెట్టింగులు దిద్దే పేజీలో, మళ్లీ రాయాలి. సైబర్‌ప్యానెల్ ఓపెన్‌లైట్‌స్పీడ్ అనే వెబ్ సర్వర్ మీద నడుస్తుంది, వర్డ్‌ప్రెస్ నిజంగా పరిగెడుతుంది, హెచ్‌టీయాక్సెస్‌లో రీరైట్ రూల్సు కూడా చదువుతుంది గానీ మార్పు చేశాక సర్వర్ని ఒకసారి రీస్టార్ట్ చేస్తేనే పట్టించుకుంటుంది, అది తెలియక గంటలు గంటలు ఒకే లైను తిరగరాసినవాళ్లున్నారు. 2024 అక్టోబర్‌లో దాని లోపం పట్టుకుని, ఫైళ్లకి తాళం వేసి డబ్బులడిగే రాన్సమ్‌వేర్ వాళ్లు ఒకేసారి వేల సర్వర్ల మీద పడ్డారు, అప్పటికి దాదాపు 22 వేల సర్వర్ల ప్యానెల్ పేజీ లోకమంతటికీ కనపడేలా తెరిచి ఉంది. లోపాన్ని సరిచేశారు. నేను మాత్రం దాన్ని వేసుకోమని ఎవరికీ చెప్పడం లేదు, వేసుకున్నవాళ్లని తీసేయమని కూడా అనడం లేదు.

లోపం అనేది ఏ ప్యానెల్లోనైనా రేపు బయటపడొచ్చు, 2019లో వెబ్‌మిన్ అనే ఇంకో ప్యానెల్ డౌన్‌లోడ్ ఫైల్లోనే దొంగతలుపు దొరికింది. కాబట్టి ఏది వేసుకున్నా ఆ లాగిన్ పేజీని ఊరందరికీ కనపడనివ్వకండి. మన బ్రాడ్‌బ్యాండ్ ఐపీ రోజూ మారుతుంది కదా, దానికొక్కదానికే ఎలా తెరుస్తాం అంటారు, నిజమే. ఎస్‌ఎస్‌హెచ్ టన్నెల్ (మీ కంప్యూటర్ నుంచి సర్వర్‌కి వేసుకునే రహస్య దారి) వేసుకుని దానిలోంచి ప్యానెల్ తెరవండి, అలవాటైతే అరనిమిషం పని.

ఇప్పుడు అర్ధరాత్రి ఫోన్ల సంగతి.

సైటు తెరుచుకుంటోంది, ప్యానెల్ తెరుచుకోవడం లేదు. ఇది వినగానే ఫోన్లో వైఫై ఆపి మొబైల్ డేటా మీద ప్యానెల్ తెరిచి చూడమంటాను. తెరుచుకుందంటే సర్వర్ ఫైర్‌వాల్ మీ ఇంటి ఐపీని బ్లాక్ చేసిందన్నమాట. పాస్‌వర్డ్ మార్చాక పాత పాస్‌వర్డుతో ఫోన్లో మెయిల్ యాప్ గుడ్డిగా లాగిన్ కొడుతూనే ఉంటుంది, పదిసార్లు తప్పితే ఫైర్‌వాల్ ఊరుకోదు. ఒకే ఐపీని వందమందికి పంచే ఇంటర్నెట్ అయితే పక్కింటివాడు చేసినదానికి మీరు బ్లాక్ అవుతారు. రెండు చోట్లా తెరుచుకోకపోతే పోర్టు చూడండి: సీప్యానెల్ 2083, దాని పైన ఉండే డబ్ల్యూహెచ్‌ఎం 2087, డైరెక్ట్‌అడ్మిన్ 2222, ప్లెస్క్, క్లౌడ్‌ప్యానెల్ రెండూ 8443, హెస్టియా 8083, సైబర్‌ప్యానెల్ 8090. సర్వర్ లోపల ఫైర్‌వాల్లో తెరిస్తే చాలదు, క్లౌడ్ కంపెనీ డాష్‌బోర్డులో ఇంకో ఫైర్‌వాల్ ఉంటుంది, అక్కడా తెరవాలి. సీఎస్‌ఎఫ్ అనే ఫైర్‌వాల్ మీద ఆధారపడ్డవాళ్లకి ఇంకో మాట, దాన్ని తయారుచేసిన కంపెనీ 2025 ఆగస్టు 31తో మూసేసింది, మీ ప్యానెల్ దాని బదులు ఏం వాడమంటోందో ఒకసారి చూసుకోండి.

పాస్‌వర్డ్ కరెక్టే, నొక్కితే మళ్లీ లాగిన్ పేజీకే వస్తోంది, ఎర్రర్ కూడా చూపించడం లేదు. నూటికి తొంభై డిస్కు నిండింది. లోపలికి వచ్చినట్టు రాసుకోవడానికి కూడా దానికి చోటు లేదు పాపం. ఎస్‌ఎస్‌హెచ్‌లో డీఎఫ్ కమాండు రెండు రకాలుగా కొట్టాలి, హెచ్ ఆప్షన్‌తో ఒకసారి, ఐ ఆప్షన్‌తో ఒకసారి. మొదటిది ఎన్ని జీబీలు మిగిలాయో చెప్తుంది, రెండోది ఐనోడ్లు. 40 శాతం ఖాళీగా ఉన్న డిస్కులో కూడా ఐనోడ్లు అయిపోవచ్చు, పీహెచ్‌పీ సెషన్ ఫైళ్లు లక్షల్లో పేరుకుపోతే ఇలాగే అవుతుంది. జీబీలే అయిపోతే మొదట అనుమానించాల్సింది బ్యాకప్‌లని. చాలా ప్యానెళ్లలో రోజువారీ బ్యాకప్ ఆన్ చేస్తే అదే డిస్కులో పెడుతుంది, ఇంట్లో బంగారాన్ని దొంగలెత్తుకుపోతారని అదే ఇంట్లో అటక మీద దాచినట్టు. బయట ఇంకో చోటికి పంపండి. ఆ బయట అన్నది మీ ఎంవీపీ కాలనీ ఇంట్లో హార్డ్ డిస్కు మాత్రమే కాకుండా చూసుకోండి, 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ ఊళ్లో ఉన్నవాళ్లకి కరెంటు, ఫోన్లు లేకుండా రోజులు ఎలా గడిచాయో నేను చెప్పక్కర్లేదు.

ఎస్ఎస్ఎల్ రెన్యువల్ కాలేదు, సైటు మీద ఎర్ర గుర్తు. సైటు సురక్షితమని బ్రౌజర్‌కి చెప్పే లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఎస్ఎస్ఎల్ సర్టిఫికెట్ 90 రోజులే ఉంటుంది, ప్యానెల్ దానంతట అదే మారుస్తుంది అనుకుని మర్చిపోతాం. గడువు దగ్గర పడిందని ముందు మెయిల్ పంపేవాళ్లు, 2025 జూన్‌లో అదీ మానేశారు. కారణాలు సాధారణంగా రెండే, సైటు నిజంగా మీదేనా అని వాళ్లు తట్టి చూసే 80వ పోర్టు ఎవరో మూసేశారు, లేదా డీఎన్ఎస్‌లో పాత సర్వర్ ఐపీవీ6 (కొత్త తరహా ఐపీ) అడ్రసు అలాగే మిగిలిపోయింది. రెండోది మహా చిరాకు, ఎందుకంటే మీరు చూస్తే సైటు బాగానే ఉంటుంది, లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాళ్లు మాత్రం ఐపీవీ6 దారినే ముందు వెళ్తారు, వేరే సర్వర్ తలుపు తడతారు. ఆ రికార్డు తీసేసి అప్పుడు బటన్ నొక్కండి. కారణం వెతక్కుండా టెన్షన్లో బటన్ అదేపనిగా నొక్కితే, గంటలో ఐదుసార్లు ఫెయిలయ్యాక కాసేపు వాళ్లే రానివ్వరు.

నిన్న బాగానే ఉంది, ప్యానెల్ అప్‌డేట్ అయ్యాక పాడైంది. ఇందులో నేనూ దెబ్బ తిన్నాను. ఎంజిన్‌ఎక్స్ ఫైలుని చేత్తో దిద్ది రెండు లైన్లు కలిపాను, నెలల తర్వాత ప్యానెల్ ఆ ఫైలుని తన టెంప్లేటు ప్రకారం కొత్తగా రాసుకుంది, నా రెండు లైన్లు గాలికి పోయాయి. ప్యానెల్ ఉన్న సర్వర్లో దాని ఫైళ్లని నేరుగా ముట్టుకోకూడదు, మన మార్పులు రాసుకోవడానికి ప్రతి ప్యానెల్లోనూ ఒక చోటు ఇస్తారు, అక్కడే రాయాలి. అప్‌డేట్‌కి ముందు సర్వర్ స్నాప్‌షాట్ (ఆ క్షణం ఉన్నదున్నట్టు కాపీ) తీయండి. సెంటోస్ 7 అనే పాత లినక్స్ మీద ఇంకా నడుపుతున్నవాళ్లుంటే, దానికి గడువు 2024 జూన్ 30తోనే అయిపోయింది, ప్యానెల్‌ని రిపేరు చేస్తూ కూర్చోవద్దు, కొత్త సర్వర్‌కి మారండి.

అసలు ఏమీ చెడిపోలేదు, సర్వరే మాయమైంది అనేది కూడా ఒకటుంది. విదేశీ కంపెనీ దగ్గర కార్డుతో ఆటో రెన్యువల్ పెట్టుకున్న ఒక సర్వర్ నాకలాగే ఆగిపోయింది. 2021 అక్టోబర్ నుంచి రిజర్వ్ బ్యాంకు నియమాలు మారాయి, బ్యాంకులో ముందుగా అనుమతి నమోదు కాని కార్డు చెల్లింపులు వాటంతటవి జరగవు. వాళ్లు మూడు మెయిళ్లు పంపారట. ఆ మెయిళ్లు వచ్చే ఐడీ ఆ సర్వర్లోనే ఉంది.

ఈ మధ్య మరో ప్రశ్న మొదలైంది, మన ఊళ్లో గూగుల్ డేటా సెంటర్ వస్తోంది కదా, సర్వర్ ఇక్కడే తీసుకుంటే సైటు స్పీడవుతుందా అని. 2025 అక్టోబర్‌లో ప్రకటించారు, అందులో మనకి వీపీఎస్ అమ్ముతారని నేనైతే వినలేదు. ముంబై, బెంగళూరు, హైదరాబాద్ ఎక్కడ తీసుకున్నా మధురవాడలో కూర్చున్నవాడికి తేడా తెలియదు, హోమ్ పేజీలో ఐదు ఎంబీ ఫొటో ఉంటే మాత్రం తెలుస్తుంది.

నా దగ్గరున్నవాళ్లని ఎక్కడ పెట్టానంటే, ద్వారకానగర్ కోచింగ్ సెంటర్ షేర్డ్ హోస్టింగ్‌లో సీప్యానెల్ మీదే ఉంది, అక్కడి మాస్టారు కొత్త ఫ్యాకల్టీ వచ్చినప్పుడల్లా తనే ఐడీ చేసుకుంటారు, ఆయనకి ఆ పేజీ కంఠతా వచ్చు, మార్చడం నాకే నష్టం. చిన్న షాపులన్నీ ఒకే డైరెక్ట్‌అడ్మిన్ సర్వర్లో ఉన్నాయి. స్పేర్ పార్టులాయన ప్లెస్క్‌లో. అరకు టూర్లాయన సైటు క్లౌడ్‌ప్యానెల్లో, మెయిల్ బయట. సైట్లోంచి వెళ్లే మెయిల్ కూడా మెయిల్ పంపిపెట్టే వేరే ఎస్ఎంటీపీ సర్వీసు ద్వారా పోతుంది. నెలకోసారి ఆ ఎంక్వైరీ ఫారం నేనే నింపుతాను, ఇద్దరు పెద్దలు, ఒక పిల్లాడు, బొర్రా గుహలు కూడా చూడాలి అని. మొదటి నెల అది నా పరీక్షేనని ఆయనకి చెప్పడం మర్చిపోయాను, పది నిమిషాల్లో రేటు, బండి వివరాలు, భోజనంతో కలిపి ఎంతో, అన్నీ రాసి పంపాడు.